జపాన్ బేస్‌బాల్‌లో ఏ జట్టును ఎంచుకోవాలి? ముందు జెయింట్స్ సంగతి తేల్చుకోండి

ఉద్యోగం మీద టోక్యోకో ఒసాకాకో వెళ్లిన తెలుగువాళ్లు, బేస్‌బాల్ తార షోహెయ్ ఓతాని పుణ్యమా అని బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టినవాళ్లు కొన్నాళ్లకు ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పన్నెండు జట్లున్నాయి కదా, ఏ జట్టును మనదనుకోవాలి? ఎవరిని అడిగినా "మీరుండే ఊరి జట్టును పట్టుకోండి" అంటారు. సలహా బాగానే ఉంది. కానీ జపాన్‌లో అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. టోక్యో జట్టు యొమియురి జెయింట్స్ అంటే మీకు ఇష్టమా, పడదా, లేక వాళ్ల ఊసే అక్కర్లేదా?

అక్కడి జనం ఈ జట్టును ఎక్కువగా "క్యోజిన్" అంటారు. క్యోజిన్ అభిమానులు ఎలా ఉన్నారో, "యాంటీ క్యోజిన్" అని చెప్పుకునేవాళ్లూ అలాగే ఉన్నారు. తమ జట్టు గెలిచిందో లేదో చూసుకున్న వెంటనే క్యోజిన్ ఓడిందా అని చూసుకునేవాళ్లు దేశమంతా కనిపిస్తారు. మిగతా జట్లలో చాలావాటికి సొంత వ్యక్తిత్వం వచ్చిందే ఈ ఒక్క జట్టుకు ఎదురు నిలబడటం వల్ల. అందుకే ఈ పోలికను నేను ఊరి నుంచి కాకుండా జెయింట్స్ నుంచి మొదలుపెడుతున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. సెంట్రల్ లీగ్‌లో ఆరు జట్లు, పసిఫిక్ లీగ్‌లో ఆరు. మార్చి నెలాఖరు నుంచి శరదృతువు దాకా ఒక్కో జట్టు 143 ఆటలు ఆడుతుంది. పన్నెండు ఇన్నింగ్స్ దాటినా తేలకపోతే డ్రా. ఆ తర్వాత ప్రతి లీగ్‌లో మొదటి మూడు జట్ల మధ్య క్లైమాక్స్ సిరీస్, దాన్నుంచి గట్టెక్కిన రెండు జట్ల మధ్య జపాన్ సిరీస్. అందులో ముందుగా నాలుగు ఆటలు గెలిచినవాళ్లే దేశ విజేతలు. జెయింట్స్, హాన్షిన్, హిరోషిమా, యాకుల్ట్ సెంట్రల్ లీగ్‌లో ఉంటాయి. సాఫ్ట్‌బ్యాంక్, నిప్పన్-హామ్, రాకుటెన్ పసిఫిక్ లీగ్‌లో ఉంటాయి.

జెయింట్స్: చరిత్రంతా వాళ్ల గుమ్మంలోంచే మొదలు

1934లో యొమియురి పత్రిక అధిపతి మత్సుతారో షోరికి అమెరికా నుంచి ఆల్-స్టార్ జట్టును రప్పించాడు. బేబ్ రూత్, లూ గెరిగ్ కూడా అందులో ఉన్నారు. నవంబర్ 20న షిజువోకాలోని కుసనగి మైదానంలో ఎయ్‌జి సావమురా అనే 17 ఏళ్ల పిచర్ (బంతి వేసేవాడు) గెరింజర్‌ను, రూత్‌ను, గెరిగ్‌ను, జిమ్మీ ఫాక్స్‌ను వరసగా స్ట్రయికవుట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రయిక్‌లతో వెనక్కి పంపాడు. చివరికి గెరిగ్ కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్‌తో (బంతిని మైదానం అవతల పడేలా కొట్టడం) జపాన్ జట్టు 1-0 తేడాతో ఓడిపోయింది. అయినా ఆ ఓటమిని జపాన్ ఈనాటికీ గొప్పగా తలుచుకుంటుంది. ఆ పర్యటన ఆధారంగానే అదే ఏడాది డిసెంబర్‌లో పుట్టిన ప్రొఫెషనల్ జట్టు నేటి జెయింట్స్. సావమురా యుద్ధానికి వెళ్లి 1944లో ప్రాణాలు కోల్పోయాడు. ఏటా ఉత్తమ స్టార్టింగ్ పిచర్‌కు (ఆటను మొదలుపెట్టే పిచర్‌కు) ఇచ్చే అవార్డు అతని పేరు మీదే ఉంది.

1965 నుంచి 1973 దాకా జెయింట్స్ వరసగా తొమ్మిదేళ్లు జపాన్ సిరీస్ గెలిచింది. దీన్నే "వి9" అంటారు. మేనేజర్ తెత్సుహారు కవకామి. జట్టుకు రెండు స్తంభాలు షిగెయో నాగషిమా, సదహారు ఓ. ఒంటికాలి మీద నిలబడి బ్యాటు ఊపే సదహారు ఓ మొత్తం 868 హోమ్ రన్లు కొట్టాడు. 1977 సెప్టెంబర్ 3న అమెరికాలో హ్యాంక్ ఆరన్ నెలకొల్పిన 755 రికార్డును దాటాడు. ఓ పుట్టింది టోక్యోలోనే, తండ్రి మాత్రం చైనీయుడు. పౌరసత్వం లేదని స్కూలు రోజుల్లో జాతీయ క్రీడోత్సవంలో ఆడనివ్వని కుర్రవాడే ఆ తర్వాత దేశ ప్రజా గౌరవ పురస్కారం అందుకున్న మొదటి వ్యక్తి అయ్యాడు.

నాగషిమా సంగతి వేరు. ఓను గౌరవించారు, నాగషిమాను ప్రేమించారు. 1959 జూన్ 25న చక్రవర్తి స్వయంగా జెయింట్స్ అప్పటి సొంత మైదానం కోరాకుయెన్‌కు వచ్చి చూసిన ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హాన్షిన్ పిచర్ మినోరు మురయామా మీద హోమ్ రన్ కొట్టి ఆటను ముగించాడు. ఆ బంతి ఫౌల్ అని, అంటే గీత బయటికి పోయిందని, మురయామా చనిపోయేదాకా వాదిస్తూనే ఉన్నాడు. నాగషిమా 2025 జూన్ 3న కన్నుమూశాడు. ఆ రోజు యాంటీ క్యోజిన్ వాళ్లు కూడా బాధపడ్డారంటే ఆ మనిషి స్థాయి ఏమిటో అర్థమవుతుంది.

అరవైల్లో పిల్లలకు ఇష్టమైనవి మూడు అని ఒక నానుడి ఉండేది: క్యోజిన్, సుమో వీరుడు తైహో, గుడ్డు అట్టు. యొమియురికి పత్రిక ఉంది, దాని అండతో నిప్పన్ టీవీ ఉంది. జెయింట్స్ ఆటలు రాత్రివేళ దేశంలోని ప్రతి ఇంట్లోకీ వచ్చేవి. సొంత జట్టు లేని ఊళ్లలో జెయింట్సే సొంత జట్టయింది. 1994 అక్టోబర్ 8న నగోయాలో ఆ ఊరి జట్టు చునిచితో సీజన్ చివరి ఆట, గెలిచినవాళ్లకే లీగ్ టైటిల్. టోక్యో చుట్టుపక్కల ఉన్న కాంటో ప్రాంతంలో టీవీ రేటింగ్ 48.8 శాతం వచ్చింది. జెయింట్స్ గెలిచింది.

2025 సీజన్ ముగిసేనాటికి జెయింట్స్ ఖాతాలో 22 జపాన్ సిరీస్‌లున్నాయి. రెండో స్థానంలో ఉన్న సెయ్‌బు లయన్స్‌కు 13. ఇక్కడ కొత్తవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఆ 22లో చివరిది 2012లో వచ్చింది. 2019లోనూ 2020లోనూ సాఫ్ట్‌బ్యాంక్ చేతిలో నాలుగుకు నాలుగు ఆటలూ ఓడిపోయింది. 2024లో లీగ్ గెలిచి కూడా, మూడో స్థానంలో నిలిచిన యోకోహామా చేతిలో క్లైమాక్స్ సిరీస్‌లో ఇంటిదారి పట్టింది. ఎప్పుడూ గెలిచే జట్టు కదా అని జెయింట్స్‌ను ఎంచుకుంటే నిరాశ తప్పదు.

మరి ఇంత కోపం ఎందుకు?

"గెలుస్తారు కాబట్టి అసూయ" అని జెయింట్స్ అభిమానులు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. కోపానికి గట్టి కారణాలున్నాయి, వాటిని తెలుసుకున్నాకే ఎంచుకోవాలి.

మొదటిది 1978 నాటి ఎగావా వ్యవహారం. కొత్త ఆటగాళ్లను ఏ జట్టు తీసుకోవాలో తేల్చే డ్రాఫ్ట్ పద్ధతి జపాన్‌లో 1965లో మొదలైంది. పేరున్న పిచర్ సుగురు ఎగావాకు జెయింట్స్‌లోనే ఆడాలని పట్టుదల. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో అతన్ని తీసుకున్న జట్టుకున్న హక్కు, కొత్త డ్రాఫ్ట్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు ముగిసిపోయింది. మధ్యలో మిగిలిన ఒక్క ఖాళీ రోజు, నవంబర్ 21న, జెయింట్స్ అతనితో సంతకం చేయించింది. లీగ్ ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చింది. అలిగిన జెయింట్స్ మరునాడు డ్రాఫ్ట్‌కే రాలేదు. లాటరీలో ఎగావా హాన్షిన్‌కు వచ్చాడు. చివరికి కమిషనర్ జోక్యంతో హాన్షిన్ అతన్ని తీసుకుని జెయింట్స్‌కే ఇచ్చేసింది. బదులుగా జెయింట్స్ తన ప్రధాన పిచర్ షిగెరు కొబయాషిని పంపింది. శిక్షణ శిబిరానికని హనెడా విమానాశ్రయానికి వచ్చిన కొబయాషికి ఈ సంగతి అక్కడే తెలిసింది. అతను నోరెత్తకుండా ఒసాకా వైపు వెళ్లాడు. 1979లో 22 ఆటలు గెలిచాడు. వాటిలో ఎనిమిది జెయింట్స్ మీద, ఒక్కటి కూడా ఓడకుండా. ఆ ఏడాది సావమురా అవార్డు అతనికే వచ్చింది. జెయింట్స్‌ను ద్వేషించే తరం ఒకటి ఈ కథతోనే పుట్టింది.

రెండోది డబ్బు. ఇది పాత అలవాటే. కోకుతెత్సు స్వాలోస్‌కు (నేటి యాకుల్ట్) 353 ఆటలు గెలిపించిన మసయిచి కనెడా 1965లో జెయింట్స్‌కు వచ్చాడు, తన నాలుగు వందల గెలుపుల లెక్కను అక్కడే పూర్తిచేశాడు. 1993 చివర్లో ఫ్రీ ఏజెన్సీ (కొన్నేళ్లు ఆడాక ఆటగాడు నచ్చిన జట్టుకు మారే హక్కు) వచ్చాక ఈ పని ఇంకా సులువైంది. హిరోమిత్సు ఒచియాయ్, కజుహిరో కియోహారా, హిరోషిమా నుంచి అకిరా ఎతో, యోషిహిరో మారు, ఇలా ఇతర జట్లు పెంచిన బ్యాటర్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. కియోహారాది మనసు మెలిపెట్టే కథ. 1985 డ్రాఫ్ట్‌లో జెయింట్స్ తననే తీసుకుంటుందని నమ్మాడు. వాళ్లు అతని స్కూలు సహచరుడు కువాతాను తీసుకున్నారు. 1987 జపాన్ సిరీస్‌లో సెయ్‌బు తరఫున అదే జెయింట్స్‌ను ఓడించబోతున్న క్షణాన కియోహారా మైదానంలోనే ఏడ్చేశాడు. తనను కాదన్న జట్టులోనే చేరాలని అతను ఆశ చంపుకోలేదు, 1997లో చేరాడు కూడా. ఈ జట్టుకున్న ఆకర్షణ ఎలాంటిదో, అది ఎంతమందిని గాయపరిచిందో ఈ ఒక్క మనిషిలో కనిపిస్తుంది.

మూడోది పెత్తనం. 2004లో కింతెత్సు, ఒరిక్స్ జట్ల విలీనం మాట వచ్చినప్పుడు, రెండు లీగ్‌లను ఒకటి చేసే ఆలోచనను ముందుండి నడిపిన వాళ్లలో జెయింట్స్ యజమాని త్సునెయో వతనాబె ఒకడు. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడు అత్సుయా ఫురుతా యజమానులతో మాట్లాడాలని అడిగితే, "ఆటగాళ్లకు అంత హోదా ఎక్కడిది" అన్న ధోరణిలో వతనాబె తీసిపారేశాడు. దేశం మండిపడింది. సెప్టెంబర్ 18, 19 తేదీల్లో జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో మొట్టమొదటిసారి సమ్మె జరిగింది. అభిమానులు ఆటగాళ్ల పక్షాన నిలిచారు. వతనాబె అప్పటికే, ఒక కాలేజీ పిచర్‌కు జట్టు తరఫున డబ్బు ముట్టిన వ్యవహారం బయటపడి, ఆగస్టులో యజమాని పదవి వదులుకున్నాడు. ఆ సమ్మె ఫలితంగానే సెండాయ్‌లో రాకుటెన్ జట్టు పుట్టి 2005 నుంచి ఆడింది.

ఇవన్నీ నిజాలే. కానీ "కొనుక్కున్న జట్టు" అనే ఒక్క మాటతో జెయింట్స్‌ను చుట్టేయడం కూడా సరికాదు. చిన్న ఒప్పందంతో శిక్షణ ఆటగాళ్లుగా చేరిన తెత్సుయా యమగుచి, తెత్సుయా మత్సుమోతో 2008లో ఒకరు, 2009లో ఒకరు లీగ్ ఉత్తమ కొత్త ఆటగాళ్లయ్యారు. హయాతో సకమోతో, తొమొయుకి సుగానో, ఇప్పటి మేనేజర్ షిన్నొసుకె అబె కూడా అక్కడే మొదలై అక్కడే ఎదిగినవాళ్లు.

జెయింట్స్ ఎవరికి సరిపోతుంది? చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లకు, పద్ధతిగా ఉండే జట్టును ఇష్టపడేవాళ్లకు. "జెయింట్స్ ఆటగాడు ఎప్పుడూ పెద్దమనిషిలా మెలగాలి" అన్నది షోరికి కాలం నాటి నియమం. గడ్డాలు, రంగు వేసిన జుట్టు అక్కడ చెల్లవు. నిప్పన్-హామ్‌లో గడ్డంతోనే పేరు తెచ్చుకున్న మిచిహిరో ఒగసవారా ఈ జట్టుకు రాగానే నున్నగా గీసుకున్నాడు. ఇది చదివి "బాగుంది" అనిపిస్తే జెయింట్స్ మీ జట్టు. "ఇదేం పెత్తనం" అనిపిస్తే కింది జట్లు చూడండి.

హాన్షిన్ టైగర్స్: ఎదురు నిలబడే ఆనందం

జెయింట్స్‌ను వ్యతిరేకించడమే మీకు హుషారిస్తే ఆ పనిలో హాన్షిన్ అభిమానులను మించినవాళ్లు లేరు. జట్టు 1935లో పుట్టింది. రైళ్లు నడిపే సంస్థ దీని యజమాని. అందరూ ఒసాకా జట్టనే అంటారు గాని, సొంత మైదానం కోషియెన్ ఉన్నది హ్యోగో రాష్ట్రంలోని నిషినొమియాలో. 1924లో కట్టారు. స్టేషన్ దిగి కాస్త నడిస్తే ఐవీ తీగలు పాకిన గోడలు కనిపిస్తాయి. ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య భాగం) అంతా నల్లమట్టే, గడ్డి ఉండదు. ఆగస్టులో ఈ మైదానాన్ని హైస్కూలు టోర్నమెంటుకు అప్పగించి, టైగర్స్ ఊళ్లు పట్టుకు తిరుగుతుంది. స్కూలు పిల్లల కోసం సొంత మైదానాన్ని వదులుకునే జట్టంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

టైగర్స్ కథలో గెలుపులు తక్కువ. గెలిచినప్పుడు మాత్రం ఊరు ఊగిపోతుంది. 1985 ఏప్రిల్ 17న కోషియెన్‌లో జెయింట్స్ పిచర్ మకిహారా మీద ర్యాండీ బాస్, మసయుకి కకెఫు, అకినొబు ఒకాదా వరసగా మూడు హోమ్ రన్లు కొట్టారు. దాన్ని చూసినట్టు చెప్పేవాళ్ల సంఖ్య ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లకంటే ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఆ ఏడాది బాస్ 54 హోమ్ రన్లు కొట్టి, సదహారు ఓ రికార్డు 55కు ఒక్క అడుగు దూరంలో ఆగిపోయాడు. చివరి ఆటల్లో ఎదురైంది జెయింట్స్, దానికి మేనేజర్ ఓ. పిచర్లు బాస్‌కు కొట్టదగిన బంతులు దాదాపు వేయనే లేదు.

ఆ సంవత్సరమే, సంబరాల్లో ఉన్న అభిమానులు ఒక కెఎఫ్‌సి దుకాణం ముందున్న కర్నల్ శాండర్స్ బొమ్మను, బాస్‌లా గడ్డం ఉందని, దోతోన్‌బొరి కాలువలో పడేశారు. తర్వాత ఎన్నేళ్లు గడిచినా జపాన్ సిరీస్ గెలవకపోతే ఆ బొమ్మ శాపమే అన్నారు. 2009లో బొమ్మ దొరికింది, గెలుపు మాత్రం 2023లో వచ్చింది. 38 ఏళ్ల తర్వాత. అప్పుడు మేనేజర్ ఎవరంటే, 1985లో ఆ మూడో హోమ్ రన్ కొట్టిన ఒకాదాయే. 2025లో క్యూజి ఫుజికావా నాయకత్వంలో సెప్టెంబర్ 7నే లీగ్ గెలిచేసింది, అంత త్వరగా ఎవరూ గెలవలేదు. కానీ జపాన్ సిరీస్‌లో సాఫ్ట్‌బ్యాంక్ చేతిలో ఓడిపోయింది.

ఇక్కడ హెచ్చరిక ఒకటుంది. "మేం పేదలం, వాళ్లు కొనేస్తారు" అనే మాట టైగర్స్ వాళ్ల నోట వింటే పూర్తిగా నమ్మకండి. 2003, 2005 లీగ్ టైటిళ్లకు వెన్నెముకగా నిలిచిన తొమొయాకి కనెమొతో హిరోషిమా నుంచి ఫ్రీ ఏజెన్సీలో వచ్చినవాడే. రెండోది, టైగర్స్ ఓడుతున్నప్పుడు ఒసాకా పత్రికలు, అభిమానులు ఆటగాళ్లను ఉతికి ఆరేస్తారు. ఆ టెన్షన్ మీకు సరదాగా అనిపించాలి, లేదంటే ఒక సీజన్‌కే అలసిపోతారు.

హిరోషిమా కార్ప్: నా మనసు ఇక్కడే ఉంది

దాచడం ఎందుకు, నేను కార్ప్ మనిషిని. కాబట్టి ఈ భాగం చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

అణుబాంబు పడిన నాలుగేళ్లకు, 1949 చివర్లో, ఈ జట్టు పుట్టింది. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. 1951లో జీతాలకే డబ్బు లేక వేరే జట్టులో కలిపేద్దామనుకున్నారు. అప్పుడు స్టేడియం ముందు పీపాలు పెట్టారు. ఇళ్లు కూడా సరిగా లేని జనం ఆ పీపాల్లో చిల్లర వేసి జట్టును నిలబెట్టుకున్నారు. తర్వాతి కాలంలో కార్ల సంస్థ మాజ్దా వ్యవస్థాపకుల కుటుంబం చేతికి వచ్చినా, "పౌరుల జట్టు" అన్న పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

1975లో అప్పటి మేనేజర్ జో లట్జ్ టోపీలను ఎరుపు రంగుకు మార్చాడు. అతను మధ్యలోనే వెళ్లిపోయాడు. తాకెషి కోబా పగ్గాలు పట్టి మొదటి లీగ్ టైటిల్ తెచ్చాడు. ఖాయమైంది అక్టోబర్ 15న, ఎక్కడో కాదు, కోరాకుయెన్‌లో, జెయింట్స్ కళ్లెదుట. నాగషిమా మేనేజర్‌గా మొదటి ఏడాది అది. జెయింట్స్ చరిత్రలో ఆఖరి స్థానంలో నిలిచిన ఏకైక సీజన్ కూడా అదే. మళ్లీ 25 ఏళ్ల నిరీక్షణ తర్వాత 2016 సెప్టెంబర్ 10న టైటిల్ ఖాయం చేసుకున్నప్పుడు కూడా వేదిక జెయింట్స్ ఇల్లే, టోక్యో డోమ్. ఆ రోజు స్టార్టింగ్ పిచర్ హిరోకి కురోదా. అమెరికాలో యాంకీస్‌కు ఆడుతూ, అక్కడే ఉంటే చాలా ఎక్కువ డబ్బు వస్తుందని తెలిసీ, 2015లో పాత జట్టు కోసం తిరిగి వచ్చినవాడు.

కార్ప్ బయటి జట్ల ఫ్రీ ఏజెంట్ల కోసం పోటీపడదు. కుర్రాళ్లను తీసుకొచ్చి, కఠినంగా సాధన చేయించి తయారు చేస్తుంది. వరసగా 2,215 ఆటలు ఆడిన సచియో కినుగాసా ఈ పద్ధతిలో ఎదిగినవాడే. నష్టం కూడా ఇక్కడే ఉంది. తయారైన ఆటగాడు వెళ్లిపోతాడు. 2017, 2018 రెండేళ్లూ లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయిన మారు జెయింట్స్‌కు వెళ్లగానే, మూడేళ్లు వరసగా లీగ్ గెలిచిన కార్ప్ 2019లో నాలుగో స్థానానికి పడిపోయింది. జెయింట్స్ ఆ ఏడాదీ ఆ తర్వాతి ఏడాదీ లీగ్ గెలిచింది. ఆ బాధను ఏడాదికోసారి మోయగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. మోయగలిగితే ఇంతకంటే నిజాయితీ గల జట్టు జపాన్‌లో దొరకదు. 2009లో తెరిచిన మాజ్దా స్టేడియం హిరోషిమా స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. జనం లేస్తూ కూర్చుంటూ ఉత్సాహపరచడం చూస్తే మీ కాళ్లు ఊరుకోవు.

టోక్యోలోనే ఉంటారు, జెయింట్స్ వద్దనుకుంటున్నారు

అప్పుడు యాకుల్ట్ స్వాలోస్. ఎక్కువ ఆలోచించకండి. వాళ్ల జింగూ స్టేడియం 1926లో తెరిచారు, 1934 పర్యటనలో బేబ్ రూత్ ఆడిన మైదానం ఇది. పైకప్పు లేదు. వేసవి సాయంత్రం గాలి తగులుతూ ఆట చూడొచ్చు. పరుగు వచ్చినప్పుడల్లా అభిమానులు చిన్న గొడుగులు తెరిచి ఆడిస్తారు. ఆ ప్రాంతం పునర్నిర్మాణ ప్రణాళికలో ఈ స్టేడియం కూడా పోయి కొత్తది రాబోతోంది కనుక, మరే జట్టు అభిమాని అయినా సరే, ఒక్కసారి వెళ్లి చూడండి. తొంభైల్లో కత్సుయా నొమురా మేనేజర్‌గా, డబ్బున్న జెయింట్స్‌కు సమాచారంతో, ముందస్తు లెక్కతో సమాధానం చెప్పి 1993, 1995, 1997లో జపాన్ సిరీస్ గెలిచిన జట్టిది. జెయింట్స్ మీద కక్ష కంటే తెలివితో పైచేయి సాధించడం మీకు నచ్చితే ఇది సరిగ్గా సరిపోతుంది. మాటల గొడవలు ఇక్కడ తక్కువ. చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ముందు ఈ పేరే.

యోకోహామా వైపు ఉండేవాళ్లకు డీఎన్ఏ బేస్టార్స్ ఉంది. 2024లో లీగ్‌లో మూడో స్థానంలో ఉండి జపాన్ సిరీస్ గెలిచేసింది. అంతకుముందు గెలిచింది 1998లో.

జెయింట్స్ ఊసే అక్కర్లేదంటే పసిఫిక్ లీగ్

ఈ వైపు ప్రపంచమే వేరు. ఒకప్పుడు జెయింట్స్‌తో ఆటలు లేక, టీవీ డబ్బు లేక ఈ లీగ్ జట్లు ఖాళీ కుర్చీల ముందు ఆడేవి. 1975 నుంచే పిచర్ బదులు వేరే ఆటగాడు బ్యాట్ పట్టే డీహెచ్ పద్ధతి తెచ్చుకున్నాయి. సెంట్రల్ లీగ్ అదే పద్ధతికి 2027లో వస్తోంది. తర్వాత ఈ జట్లు రాజధాని చుట్టుపక్కల గుమిగూడటం మాని దూరపు నగరాలకు వెళ్లాయి, అక్కడి జనం గుండెల్లో పెట్టుకున్నారు.

ఫుకువోకాలోని సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్ ఇప్పుడు అసలైన బలమైన జట్టు. ఒసాకా నుంచి 1989లో అక్కడికి వెళ్లింది. 1995లో మేనేజర్‌గా వచ్చింది ఎవరో కాదు, సదహారు ఓ. తొలి రోజుల్లో కోపంతో అభిమానులు అతని బస్సు మీద గుడ్లు విసిరారు. అతను ఓర్చుకున్నాడు. 1999లో జపాన్ సిరీస్ గెలిపించాడు. 2000లో సదహారు ఓ జట్టూ నాగషిమా జట్టూ జపాన్ సిరీస్‌లో తలపడ్డాయి, ఆ ఏడాది జెయింట్స్ 4-2తో గెలిచింది. ఆ లెక్క 2019, 2020లో తేలిపోయింది. 2017 నుంచి 2020 దాకా నాలుగేళ్లు వరసగా, మళ్లీ 2025లో హాక్స్ దేశ విజేత. శిక్షణ జట్ల వ్యవస్థ బాగా పెద్దది. కొదాయ్ సెంగా, తకుయా కయ్ అడుగునుంచి పైకి వచ్చినవాళ్లే. డబ్బులో ఈ జట్టు జెయింట్స్‌కు ఏమాత్రం తీసిపోదు. కాబట్టి జెయింట్స్ ధనబలం నచ్చక హాక్స్ వైపు వెళ్లడంలో అర్థం లేదు. గెలిచే జట్టు కావాలి, బాగా నడిచే జట్టు కావాలి అనుకుంటే వెళ్లండి.

హొక్కాయ్‌డోలోని నిప్పన్-హామ్ ఫైటర్స్ ఒకప్పుడు టోక్యో డోమ్‌లో జెయింట్స్ పక్కన రెండో అద్దెదారుగా ఉండేది. 2004లో ఉత్తరానికి వెళ్లింది. పిచర్ యు దర్విష్, ఓతాని అక్కడి నుంచే ప్రపంచానికి తెలిశారు. 2023లో తెరిచిన ఎస్కాన్ ఫీల్డ్‌లో నిజమైన గడ్డి, తెరుచుకునే పైకప్పు, ఆట చూస్తూ మునగగలిగే వేడినీటి స్నానాల గది కూడా ఉన్నాయి. ఓతాని వల్ల బేస్‌బాల్‌కు వచ్చినవాళ్లకు ఇదే సహజమైన దారి.

రాకుటెన్ గురించి ఒక్క మాట. 2011 సునామీ దెబ్బ తిన్న తొహోకు ప్రాంతపు జట్టు అది. 2013లో మసహిరో తనాకా 24 గెలుపులు, సున్నా ఓటములతో సీజన్ ముగించాడు. జపాన్ సిరీస్ ఆరో ఆటలో 160 బంతులు వేసి జెయింట్స్ చేతిలో ఓడినవాడే మరునాడు ఏడో ఆట చివరి ఇన్నింగ్స్ వేసి టైటిల్ తెచ్చాడు. అదే తనాకా 2025లో జెయింట్స్‌లో చేరి, జపాన్, అమెరికా కలిపి 200వ గెలుపు ఆ జట్టు యూనిఫాంలోనే సాధించాడు. సెండాయ్ వాళ్లకు అది ఎలా అనిపించి ఉంటుందో నేను ఊహించగలను.

టికెట్టు కొనే ముందు

మొదటి ఆటకు జెయింట్స్-హాన్షిన్ పోటీని ఎంచుకోకండి. టికెట్లు దొరకడం కష్టం, దొరికినా ఏ సీటులో ఏం జరుగుతుందో తెలియక ఇబ్బంది పడతారు. చాలా స్టేడియాల్లో రైట్ ఫీల్డ్ వెనక సొంత జట్టు వీరాభిమానులు, లెఫ్ట్ ఫీల్డ్ వెనక వచ్చిన జట్టువాళ్లు కూర్చుంటారు. ట్రంపెట్లు, డ్రమ్ములు, ప్రతి బ్యాటర్‌కూ ఒక పాట. తమ జట్టు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ నిలబడే ఉంటారు. అక్కడికి ఎదుటి జట్టు జెర్సీ వేసుకుని వెళ్లడానికి వీల్లేదు. కొత్తవాళ్లు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇన్‌ఫీల్డ్ సీట్లు తీసుకోవాలి. టోక్యో డోమ్‌కు సుయిదోబషి స్టేషన్, జింగూకు గయెన్‌మయె దగ్గర.

శాకాహారులు ముందే కడుపు నింపుకుని వెళ్లడం మంచిది. ఉడికించిన ఎడమామె (పచ్చి సోయా) గింజలు, బంగాళాదుంప ఫ్రైస్ దొరుకుతాయి కానీ, నూడుల్స్ పులుసులో చేప ఉంటుందన్న సంగతి మరవకండి. వీపున పీపా మోసుకుని మెట్లెక్కి దిగే బీరు అమ్మేవాళ్లను చెయ్యెత్తి పిలిస్తే సీటు దగ్గరికే వస్తారు.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు పసిఫిక్ లీగ్ సులువు. ఆ ఆరు జట్ల సొంత మైదానం ఆటలన్నీ పసిఫిక్ లీగ్ టీవీ అనే ఒకే చందాలో వస్తాయి. సెంట్రల్ లీగ్‌లో ప్రసార హక్కులు ఏ జట్టువి ఆ జట్టు దగ్గరే ఉంటాయి కాబట్టి, చందా కట్టే ముందు మీ జట్టు ఆటలు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

జెర్సీ మాత్రం మొదటి నెలలోనే కొనకండి. టోక్యోలో ఉంటే జింగూలో ఒక ఆట, టోక్యో డోమ్‌లో ఒక ఆట చూడండి. ఒసాకా వైపు కాన్సాయ్‌లో ఉంటే కోషియెన్‌కు వెళ్లండి, వీలు చూసుకుని షింకాన్‌సెన్ రైలెక్కి హిరోషిమా వెళ్లిరండి. ఆ ఆటల్లో ఒక్కదానిలోనైనా జెయింట్స్ ఒక పక్షంగా ఉండేలా చూసుకోండి. జెయింట్స్ అభిమానుల నారింజ రంగు తువ్వాళ్లు గిరగిరా తిరుగుతుంటే మీ చేయి కూడా లేస్తుందో, లేక ఎదుటివాళ్లు పరుగు తీయగానే గుండె తేలికవుతుందో మీకే తెలిసిపోతుంది. అప్పుడు కొనండి జెర్సీ.